లింక్ ఉన్న ప్రతి ఒక్కరికీ

పూజిత పరుగెడుతోంది!

తాండూరు రైల్వే స్టేషన్ వెనక, నాపరాళ్లు పాలిష్ పట్టే షెడ్ల మధ్య సందులో. రెండు పక్కలా మనిషెత్తు పేర్చిన బండలు. కాళ్ల కింద తెల్లటి రాతి బురద. ఒక చెప్పు ఆ బురదలోనే ఉండిపోయింది. రెండోదాన్ని తనే విదిలించి పారేసింది.

చున్నీ కింద, పొట్టకి అదిమి పట్టుకున్న హార్డ్ డిస్క్.

వెనక బైక్!

రాళ్లు కోసే రంపాల మోతలో అది ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. ఎడమకి తిరిగింది. మళ్లీ కుడికి. బండ మీద పైపుతో నీళ్లు కొడుతున్న మనిషి ఆమెని చూసి కన్నడంలో ఏదో అరిచాడు. ఆగలేదు.

ఒక షెడ్డు వెనక నక్కింది. ఊపిరి బిగబట్టింది.

బైక్ ఆగింది.

సరిగ్గా ఆ షెడ్డుకి అవతలే!

బండల సందులోంచి చూసింది. రిత్విక్. తను పనిచేసే జిరాక్స్ షాపు ఓనర్ పాండురంగం కొడుకు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరో చెబుతుంటే వింటున్నాడు. తలూపాడు. మెల్లగా షెడ్డు వైపు తిరిగాడు.

"పూజితా... షెడ్డెనుక ఉన్నవని నాకెర్కే. డిస్క్ ఇచ్చెయ్. నిన్నేమన్న."

వీడికెలా తెలిసింది?

బురదలో అడుగులు కనబడ్డాయా? ఆ పైపు మనిషి చెప్పాడా? అతని మీద కోపం వచ్చింది. పాపం, అతనికి తెలుగే సరిగా రాదు. కానీ ఈ రోజు ఎవరిని చూసినా అనుమానమే.

అంతలో రైలు కూత!

అయిదూ నలభై ప్యాసింజర్. వికారాబాద్ పోయేది.

పూజిత లేచింది. బండల మీదెక్కి ప్రహరీ దూకింది. మోచెయ్యి చీరుకుంది. పట్టాలు దాటింది. రైలు కదిలింది...

"ఆగవే!"

ఆగలేదు. కడ్డీ దొరికింది. కాలు జారింది! లోపల నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె రెక్క పట్టుకుని గుంజింది.

"సావనీకె వచ్చినవా, బండెక్కనీకె వచ్చినవా?" అంది ఆ చేతి మనిషి.

అరవై దాటిన ముసలామె. కాళ్ల దగ్గర కందిపప్పు సంచి. నోట్లో వక్క. పేరు సత్యమ్మ అని తర్వాత తెలిసింది.

పూజిత తలుపు పక్కనే కూలబడింది. డిస్క్ ఉందా? ఉంది. ఫోన్ ఉందా? ఉంది.

అన్న?

అన్న వికారాబాద్ పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు.

నిన్న రాత్రి బంట్వారం అవతల వాళ్ల ఊళ్లో, గొర్లమంద దగ్గరే పట్టుకున్నారు పరశురాంని. శుక్రవారం రిలీజ్ కావాల్సిన పెద్ద సినిమా మంగళవారమే ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. మొట్టమొదట ఎక్కింది ఎవరి అకౌంట్ నుంచి?

పరశురాం అకౌంట్ నుంచి!

వాడికి గొర్లు తప్ప ఏమీ తెలియదు. ఫోన్లో పాటలు వింటాడు, అది కూడా ఎవరైనా పెట్టిస్తే. సినిమా అప్‌లోడ్ చెయ్యడం సంగతి దేవుడెరుగు, అప్‌లోడ్ అన్న మాటే వాడి నోరు తిరగదు. అయినా చట్టానికి నోటితో పనేముంది, పేరు చాలు. ఈ రాత్రి ఎనిమిదికి మేజిస్ట్రేట్ ముందు పెడతారు. ఆ తర్వాత జైలు.

ఎనిమిదిలోగా అసలు దొంగ వేరే ఉన్నాడని చూపించాలి. అంతే. పూజితకి ఇంకేమీ అక్కర్లేదు.

ఇంకో భయం కూడా ఉంది. నిన్న స్టేషన్‌లో ఎస్సై స్నేహలత అడిగిన ప్రశ్న.

"తాండూర్ల గా జిరాక్స్ షాపుల పనిచేసేది నువ్వే గదా? ఊరోళ్ల ఫోన్లల్ల అకౌంట్లు తెరిచేది నువ్వే గదా? మరి మీ అన్నకు తెరిచింది ఎవరు?"

ఆ అకౌంట్ తనే తెరిచింది!

ఈ రోజు ఏమీ ఎరగనట్టు పనికెళ్లింది. సాయంత్రం అయిదింటికి రిత్విక్ చాయ్‌కి పోగానే వెనక గదిలో కంప్యూటర్ తెరిచింది. అక్కడుంది సినిమా. ఒకటి కాదు, వందలు. పక్కన ఒక లిస్టు. ఏ సినిమా ఏ కస్టమర్ అకౌంట్ మీద ఎక్కించారో వరసగా రాసి ఉంది. పన్నెండో లైన్లో అన్న పేరు. ఒళ్లు మండిపోయింది. డిస్క్ పీకింది. తలుపు తీసేసరికి ఎదురుగా రిత్విక్!

రాత్రిళ్లు షాపులో కూర్చునేది రిత్విక్ ఒక్కడే. వాడే దొంగ. సందేహం లేదు.

ఫోన్ మోగింది.

ఉలిక్కిపడింది. పాండురంగం సార్!

ఎత్తాలా వద్దా? ఎనిమిది నెలలుగా ఒక్క మాట పరుషంగా అనని మనిషి. అమ్మకి జ్వరం వస్తే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషి. కానీ వాడి తండ్రి...

ఎత్తింది.

"బిడ్డా... ఫోన్ పెట్టెయ్యకు. నా కొడుకు ఎంత పని చేసిండో నాకు గిప్పుడే ఎర్కైంది. మొఖం ఎత్తుకోలేకపోతున్న. నువ్వు భద్రంగ ఉన్నవా?"

"ఉన్న సార్."

"డిస్క్?"

"నా తాననే ఉన్నది. వికారాబాద్‌ల పోలీసోళ్లకు ఇస్త."

"గట్ల సీదా పోకు బిడ్డా! అకౌంట్లు తెరిచింది నువ్వు. డిస్క్ దొంగతనంగ తెచ్చింది నువ్వు. తిప్పి నీ మీదనే రాస్తరు. నేను వికారాబాద్‌లనే ఉన్న, కోర్టు పనికొచ్చిన. స్టేషన్ బయట కారుతోని ఉంట. నిన్ను నేనే తీస్కపోత. నా కొడుకు మీద నేనే చెప్త. జర నమ్ము."

పూజితకి ఏడుపొచ్చింది. నిన్నటి నుంచి ఒక్కరైనా నీ పక్కనున్నా అనలేదు.

"సరే సార్," అంది.

రైలు నెమ్మదించింది. లెవెల్ క్రాసింగ్. గేటు వేసి ఉంది. గేటు అవతల ట్రాక్టరు, ఆటో, నాలుగైదు బైకులు...

ఒక బైక్ మీద రిత్విక్!

చెవికి ఫోన్. పెట్టెలు ఒక్కొక్కటీ దాటిపోతుంటే ఊరికే చూస్తున్నాడు. పూజిత పెట్టె రాగానే తలెత్తాడు. సూటిగా ఆమె తలుపు వైపే!

పద్నాలుగు పెట్టెల రైలు. ఎక్కడుందో చూసి చెప్పినట్టు...

పూజిత వెనక్కి జరిగింది. పెట్టెలో ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ చూసింది. కిటికీ దగ్గర తువ్వాలు మనిషి ఫోన్లో ఏదో టైప్ చేస్తున్నాడు. ఎవరికి? కాలేజీ పిల్లలు ఇద్దరు గుసగుసలాడుతున్నారు. ఎందుకు? ఈ ముసలామె... తనని లోపలికి ఎందుకు లాగింది?

"ఎవడే వాడు? నిన్నే జూస్తున్నడు," అంది సత్యమ్మ.

"నాకెర్కలే."

"ఎర్కలేనోన్ని జూసి గట్ల గజగజ వణుకుతరా? ఫోన్ జేసి మీవోళ్లకు చెప్పు. నా ఫోన్ల చెయ్యి, దా. మస్తు బ్యాలెన్సున్నది." కొంగు ముడి విప్పి ఫోన్ తీసింది. వెనకాల అట్ట మీద ఎర్రటి స్టిక్కర్. పాండురంగం షాపు స్టిక్కర్!

పూజిత ఆ స్టిక్కర్ మీద వేలు పెట్టింది.

"గీ ఫోన్... నువ్వు మా షాపుల కొన్నవా?"

"ఫోన్ నా మనవడు కొన్నడు. గా జీమెయిలో ఏదో ఉంటది సూడు, గది మాత్రం మీ షాపుల్నే తీపిచ్చిన. అది లేకుంటే ఏదీ నడువదంట గదా. మా గొడంగూడ కెల్లి తాండూర్ దాంక అందరం గాడనే తీపిచ్చుకుంటం."

అందరం...

అవును. అందరూ అక్కడే. రోజుకి యాభై మంది. కొత్త ఫోన్ పట్టుకుని వస్తారు. "జర నువ్వే నొక్కు బిడ్డా" అని తెరిచి చేతిలో పెట్టేస్తారు. పూజితే పేరు కొడుతుంది. పూజితే పాస్‌వర్డ్ పెడుతుంది. యాభై మందికి యాభై పాస్‌వర్డ్‌లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకని ఊరందరికీ ఒకటే. షాపు పేరు, చివర ఒకటి రెండు మూడు. కోడ్ అడిగితే షాపు నంబరుకే రావాలి. పద్ధతి పెట్టింది పాండురంగం సార్. ఎవరూ తప్పనుకోలేదు. తనూ అనుకోలేదు.

తన ఫోన్‌కి కూడా తనే పెట్టుకుంది. అదే పాస్‌వర్డ్!

పోయిన ఫోన్ ఎక్కడుందో వెతికే మ్యాప్ ఉంటుంది. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎక్కడ కూర్చునైనా చూడొచ్చు. షెడ్డు వెనక ఉన్నా... రైలు తలుపు దగ్గర ఉన్నా!

చేతిలో ఫోన్ ఒక్కసారిగా పాములా అనిపించింది.

ధారూర్.

ప్యాసింజర్ ఆగింది. పక్క పట్టాల మీద ఇంకో రైలు నిలబడి ఉంది. అటు పోయేది. తాండూరు మీదుగా వాడి జంక్షన్ దాకా.

పూజిత అవతలి తలుపు తీసింది. ఎదురుగా మూడడుగుల దూరంలో ఆ రైలు తలుపు. తెరిచే ఉంది. అక్కడెవరూ లేరు.

ఫోన్ విసిరింది!

అది ఆ పెట్టె నేల మీద జారుకుంటూ పోయి ఏదో సీటు కిందకి చేరింది. రెండు నిమిషాలకి ఆ రైలు కదిలింది. పో. వెతుక్కో రిత్విక్, కర్ణాటక దాకా వెతుక్కో!

ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చూడలేదు. చూసినా సత్యమ్మ ఒక్కతే చూసింది.

"పదివేల ఫోన్ గట్ల పారేస్తరే! పిచ్చి లేసిందా?"

"అవ్వా... నీ ఫోన్ జరసేపు ఇస్తవా?"

ముసలామె ఎగాదిగా చూసింది. మోచేతి నుంచి కారుతున్న రక్తం చూసింది. ఇచ్చేసింది.

పూజితకి ఒక ఆలోచన వచ్చింది. పిచ్చి ఆలోచన.

ఊరందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు... షాపు అకౌంట్‌కి మాత్రం వేరేది పెట్టుకుంటారా?

బ్రౌజర్ తెరిచింది. షాపు మెయిల్ కొట్టింది. షాపు పేరు. ఒకటి. రెండు. మూడు.

చక్రం తిరుగుతోంది... తిరుగుతోంది... సిగ్నల్ ఒక గీత... పోయింది... వచ్చింది...

తెరుచుకుంది!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడ్ కూడా అడగలేదు. మాటిమాటికీ కోడ్ కొట్టలేక ఎప్పుడో తీసేయించి ఉంటారు.

డిస్క్‌లో ఉన్నవన్నీ అక్కడా ఉన్నాయి. సినిమాలు. లిస్టు. ఇంకా కిందికి జరిపింది. కస్టమర్ల ఫోల్డర్. జిరాక్స్ కోసం జనం వాట్సాప్‌లో పంపినవన్నీ. ఆధార్ కార్డులు. పట్టా పుస్తకాలు. రిజిస్ట్రేషన్ కాగితాలు, వాటి మీద వేలిముద్రలు. బాగుకిచ్చిన ఫోన్లలోంచి తీసిన ఆడపిల్లల ఫొటోలు! ఆ వేలిముద్రల పేజీలు విడిగా కత్తిరించి పెట్టారు. అమ్మడానికే. ఇంకెందుకు?

ఒకదాని మీద "శంకరమ్మ, బంట్వారం" అని ఉంది.

అమ్మ బొటనవేలు. పూజిత తన చేత్తోనే స్కాన్ చేసింది. ఆ రోజు అమ్మ వేలికి సిరా పోలేదని ఇద్దరూ ఎంత నవ్వుకున్నారో!

కళ్లు తుడుచుకుంది. ఏడ్చే టైం లేదు. ఆరూ పద్దెనిమిది.

ఎస్సైకి పంపాలి. ఎస్సై నంబర్ అన్న అరెస్టు కాగితం మీద ఉంది. నిన్నటి నుంచి వందసార్లు చూసిన కాగితం. నంబర్ కంఠతా వచ్చేసింది. కానీ లిస్టు ఒక్కటీ దించుదామంటే దిగడం లేదు. సగం దిగి ఆగిపోతోంది. మళ్లీ సగం. మళ్లీ ఆగింది. గొడంగూడ వస్తే ముసలామె దిగిపోతుంది.

ఫోల్డర్ మొత్తానికి లింక్ తీద్దాం!

నొక్కింది. ఎవరికి అని అడిగింది. మెయిల్ కొట్టమంది. ఎస్సై మెయిల్ ఎవరికి తెలుసు? కింద ఇంకో దారి ఉంది. లింక్ ఉన్న ప్రతి ఒక్కరికీ.

వేలు ఒక్క క్షణం ఆగింది.

లింక్ ఎస్సై దగ్గర తప్ప ఎవరి దగ్గరుంటుంది? నొక్కేసింది.

మెసేజ్ రాసింది. "సినిమా కేసులో పట్టుకున్న పరశురాంకి ఏ పాపం తెలియదు. అసలు దొంగలు తాండూరు పాండురంగం షాపులో ఉన్నారు. ఈ లింక్ చూడండి."

పేరు రాయలేదు. "తిప్పి నీ మీదనే రాస్తరు" అన్న మాట చెవిలో మోగుతోంది. వాట్సాప్‌లో పంపింది. ఒక టిక్కు... రెండు టిక్కులు!

"గిండ్ల సినిమా ఉన్నట్టున్నది గదా?" భుజం మీద నుంచి సత్యమ్మ మొహం. "గా కొత్తది! బొమ్మ కనవడుతున్నది."

"ఉన్నది గానీ తెరువకు అవ్వా. దొంగ సినిమా."

"నాకేం తెరువొస్తదే. సదువు రానిదాన్ని," అంటూ ఫోన్ తీసుకుంది సత్యమ్మ. గొడంగూడలో పప్పు సంచి నెత్తిన పెట్టుకుని దిగింది. దిగుతూ దిగుతూ బొటనవేలితో ఫోన్ మీద ఏదో నొక్కుతూనే ఉంది.

వికారాబాద్.

ప్లాట్‌ఫాం మీద దీపాలు వెలిగాయి. వచ్చేపోయే ప్రతి ముఖం అనుమానంగానే ఉంది. పూజిత జనంలో కలిసి బయటికొచ్చింది. తెల్ల కారు. పక్కన తెల్ల చొక్కాలో పాండురంగం సార్.

"వచ్చినవా బిడ్డా! చెప్పుల్లేవా? అయ్యో... ఎక్కు, ఎక్కు."

ఎక్కింది. డిస్క్ ఇంకా చున్నీ కిందే ఉంది. కారు కదిలింది.

"నీళ్లు తాగు. ఫికర్ చెయ్యకు. గంటల మీ అన్న బయటికొస్తడు."

"రిత్విక్ నా ఎనుకనే ఉన్నడు సార్. రైలు గేటు కాడ కూడ కనవడ్డడు."

"వాడు గిప్పుడు దొరకడులే. బషీరాబాద్ దాటిండట, వట్టిగ ఉరుకుతున్నడు." పాండురంగం మెల్లగా నవ్వాడు. "ఫోన్ వాడి జంక్షన్ పోయే బండిల వేసి మంచి తెలివే చేసినవ్."

పూజిత తలూపింది. నీళ్ల సీసా నోటి దాకా తెచ్చింది.

ఆగిపోయింది.

తను చెప్పలేదే!

ఫోన్ విసిరాక ఈయనతో మాట్లాడనే లేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. అది వాడి జంక్షన్ పోయే బండిలో ఉందని ఎవరికి తెలుస్తుంది? మ్యాప్ చూస్తున్నవాడికి. షెడ్డు వెనక ఉందని ఎవరు చెప్పారు? ఏ పెట్టెలో ఉందో ఎవరు చెప్పారు? రిత్విక్ చెవిలో మొదటి నుంచీ మాట్లాడుతున్నది ఎవరు?

సీసా మెల్లగా కిందికి దించింది.

పోలీస్ స్టేషన్‌కి తిరగాల్సిన మలుపు... దాటిపోయింది.

"సార్... స్టేషన్ గటు గదా?"

టక్!

తలుపులు లాక్ అయ్యాయి.

"స్టేషన్‌కు పోదాం. ముందుగల్ల జర అనంతగిరి దాంక పోయొద్దాం. చల్లగుంటది."

ఘాట్ రోడ్డు. రెండు పక్కలా చెట్లు. ఎదురుగా ఒక్క బండీ లేదు. తలుపు గుంజింది. రాలేదు. అద్దం మీద గుద్దింది. పాండురంగం అటు చూడను కూడా లేదు. రోజూ షాపు తెరిచి అగరొత్తులు వెలిగించేటప్పుడు ఉండే మొహమే. అదే మొహం!

ఒక మలుపులో, రక్షణ గోడ పక్కన కారు ఆపాడు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఆమె తలుపు తీశాడు. చేతిలో జాకీ రాడ్డు.

"డిస్క్."

ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది?

గోడ మీద పెట్టి ఒక్కటిచ్చాడు. రెండు. మూడు. ముక్కలు లోయలోకి ఊడ్చేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"కాపీ?"

"లేదు సార్."

"నీకు అబద్ధం రాదు బిడ్డా, గందుకే పనిల పెట్టుకున్న. రిత్విక్‌కు సెంటర్ల తిరుగుడే గానీ గింత తెలివి ఏడిది? అంత నేనే." రాడ్డు కుడిచేతిలోకి మారింది. "దిగు."

దిగింది. గోడ అవతల చీకటి లోయ. అన్న... ఎనిమిదికి అన్నని...

పాండురంగం జేబులో ఫోన్ టింగ్ మంది.

పట్టించుకోలేదు. మళ్లీ టింగ్. మళ్లీ. మళ్లీ! ఆగకుండా మోగుతోంది. చిరాగ్గా తీశాడు. ఏదో వాయిస్ మెసేజ్ తెరుచుకుంది. ఎవరో నవ్వుతున్నారు.

"బావా! నీ దుకాణం పేరు మీద లింకొచ్చింది గదనే, కొత్త సినిమా మస్తున్నది! మా పిల్లలు గప్పుడే సగం జూసిర్రు!"

పాండురంగం మొహంలో రక్తం ఇంకిపోయింది. వేలితో తెర పైకి జరిపాడు. కులం గ్రూపు. కంది రైతుల గ్రూపు. పెళ్లికి కట్టిన గ్రూపు. అన్నింట్లో అదే లింక్!

"ఎవరు... ఎవరు జేసిర్రు?"

పూజితకి కూడా ఒక్క క్షణం అర్థం కాలేదు. గ్రూపుల్లోకి ఎలా వచ్చింది? తను పంపింది ఒక్కరికే...

సైరన్!

మలుపు కింద నుంచి వెలుగు. పోలీస్ జీప్. పాండురంగం రాడ్డు వదిలేసి కారులోకి ఉరికాడు. ఇంజిన్ స్టార్టయ్యేలోపే జీప్ అడ్డంగా వచ్చి ఆగింది. ఎస్సై స్నేహలత దూకింది. చేతిలో రివాల్వర్!

"దిగు! చేతులు పైకి!"

దిగాడు. ఎత్తాడు. తాండూరులో ఎంత పెద్దమనిషి... మోకాళ్ల మీద కూర్చోబెట్టేసరికి పంచె అంచు బురదైంది.

ఎస్సై పూజిత వైపు తిరిగింది.

"నీకేం కాలే గదా? వీని ఫోన్ మీద నిఘా పెట్టి వచ్చినం. జర ఆలస్యమైతే... ఎక్కు జీపు."

వికారాబాద్ పోలీస్ స్టేషన్. ఏడూ నలభై.

పరశురాం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెల్ని చూసి లేచాడు. రెండు రోజుల గడ్డం, గొర్ల వాసన. ఆరడుగుల మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పూజితా ఏడ్చింది. ఇంత సంతోషం జన్మలో ఎప్పుడూ లేదు.

"మేజిస్ట్రేట్ తానకు నీ అన్న పోవుడు లేదు," అంది ఎస్సై. "అసలోళ్లు దొరికిర్రు. గీడ సంతకం పెట్టి తీస్కపో."

పెన్ను అందుకుంది పూజిత.

టేబుల్ మీద ఎస్సై కంప్యూటర్ తెరిచి ఉంది. అదే ఫోల్డర్. పైన మూలకి చిన్న చిన్న గుండ్రటి బొమ్మలు, పక్కన అంకె. ఇప్పుడు ఆ ఫోల్డర్ చూస్తున్నవాళ్లు. నాలుగు వందల పన్నెండు. రెప్పవేసేలోపు నాలుగు వందల ముప్పై.

"గిదేంది మేడం?"

"గదే మా పరేషాన్. సాయంత్రం ఎవరో నాకు లింక్ పంపిర్రు. పేరు లేదు. మంచిదే, దాంతోనే దొరికిర్రు. గానీ గా నంబర్ల కెల్లే పదకొండు గ్రూపులకు పోయింది! సినిమా కోసం తెరుస్తున్నరు, పక్కకే ఆధార్లు, వేలిముద్రలు, ఆడపిల్లల ఫొటోలు. మొత్తం దించుకుంటున్నరు. బంద్ చెయ్యనీకె కంపెనీకి రాసినం. ఎన్ని ఇండ్లు మునుగుతయో..."

పూజిత చేతిలో పెన్ను ఆగింది.

అమ్మ బొటనవేలు. ఆ ఫొటోల్లోని పిల్లలు. నాలుగు వందల ముప్పై మంది. నాలుగు వందల యాభై ఒకటి.

లింక్ ఉన్న ప్రతి ఒక్కరికీ... నొక్కిన వేలు తనది.

"నంబర్ ఎవరిదో దొరికింది," అంది ఎస్సై. "సత్యమ్మ అంట, గొడంగూడ. పాండురంగం గ్యాంగ్‌ల మనిషే అయ్యుంటది. పంపకాలల్ల తేడా వచ్చి నాకు పట్టిచ్చింది, సినిమా ఊరందరికి పంచింది. ఫోన్ జేసి అడిగితే సదువు రాదు, నాకేం తెల్వదు అన్నదట. అందరు గట్లనే అంటరు. జీప్ పోయింది. తెల్లారి కోర్టుల పెడ్తం."

అందరూ అలాగే అంటారు. నిన్న అన్న కూడా అదే అన్నాడు. ఈ ఎస్సై అప్పుడూ నమ్మలేదు.

ఎవరికీ తెలియదు. పాండురంగానికి తెలియదు. ఎస్సైకి తెలియదు. సంతకం పెడితే అరగంటలో బస్సు. పడుకునే వేళకి ఇల్లు. రైలు తలుపు దగ్గర రెక్క పట్టుకుని గుంజిన చెయ్యి... ఆ చేతికి బేడీలు.

"పోదాం పా చెల్లె," అన్నాడు పరశురాం. "గొర్లు ఎట్లున్నయో ఏమో."

పూజిత పెన్ను టేబుల్ మీద పెట్టింది.

"మేడం... జీప్‌ను ఆపుండ్రి."

"ఎందుకు?"

"ఫోనే గా అవ్వది. లింక్ తీసింది నేను. పంపింది నేను. అందరికీ తెరుసుకునేటట్టు పెట్టింది గూడ నేనే."

ఎస్సై వైర్‌లెస్ అందుకుని రెండు ముక్కలు మాట్లాడింది. బెంచీ చూపించింది.

"కూసో."

పూజిత కూర్చుంది. పరశురాం ఏమీ అర్థంకాక నిలబడే ఉన్నాడు.

"ఏం జేసినవే చెల్లె?"

"పంపిన అన్నా," అంది పూజిత. "ఒక్కలకే పంపిన అనుకున్న."